చిన్న రియాక్టరా, పెద్ద రియాక్టరా? – ఒక తప్పు ప్రశ్న

గోరంత దీపం కొండంత వెలుగు అని మన సామెత. ఈ సామెతను ఇప్పుడు అణువిద్యుత్తు వ్యాపారులు అరువు తెచ్చుకున్నారు. వెయ్యి మెగావాట్ల పెద్ద రియాక్టర్ల కాలం చెల్లిపోయిందట. యాభై, వంద, రెండు వందల మెగావాట్ల చిన్న రియాక్టర్ల యుగం రాబోతున్నదట. చౌకగా వస్తాయట, చప్పున లేస్తాయట, వూరూరా వెలుగు నింపుతాయట. వ్యాపారులు తమ సరుకును తామే పొగుడుకోవడంలో వింత లేదు. వింతల్లా మన మిత్రులు కొందరు ఆ పొగడ్తకు వంత పాడడంలో వుంది. పెద్ద యంత్రం పెద్ద పెట్టుబడికి గుర్తు గనుక చిన్న యంత్రం ప్రజాస్వామ్యానికి గుర్తు అయి తీరాలని వారి తర్కం. ఇంకొందరు మిత్రులు దీనికి సరిగ్గా తలక్రిందులు. పెద్ద నిర్మాణమంటే చాలు, ప్రగతి వచ్చి గుమ్మంలో నిలిచినట్టే పరవశిస్తారు. కళాశాలల్లోనూ, ఉపాధ్యాయుల సభల్లోనూ ఈ రెండు పక్షాల మధ్య వాదోపవాదాలు సాగుతున్నాయి.

రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని నా వాదం. ఇద్దరూ యంత్రం కొలతలను చూస్తున్నారు గాని, ఆ యంత్రంపై పెట్టిన మూలధనం ఎవరిదో, లాభం ఎవరికో, నష్టం ఎవరి నెత్తినో చూడడం లేదు. ఆర్థికశాస్త్రం మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే.

ముందుగా చిన్న రియాక్టర్ల వాదాన్ని న్యాయంగా చెప్పుకుందాం. ప్రత్యర్థి అనని మాటను అతని నోట పెట్టి ఖండించడం విమర్శ అనిపించుకోదు. వారు చెప్పేవి మూడు విషయాలు. ఒకటి: ఒక్కొక్క రియాక్టరుకు కావలసిన మొత్తం తక్కువ గనుక, వేలకోట్లు కుమ్మరించలేని సంస్థ కూడా దాన్ని కట్టగలదు. రెండు: భాగాలన్నీ కర్మాగారంలో ఒకే అచ్చున తయారవుతాయి గనుక, సంఖ్య పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. మూడు: త్వరగా పూర్తవుతుంది గనుక వడ్డీ భారం తక్కువ. ఈ మూడింటిలోనూ కొంత నిజం వుంది. కొంత నిజం కలిసిన అబద్ధమే ఎక్కువ కాలం బతుకుతుంది గనుక, దేనికి దాన్ని విడదీసి చూడాలి.

అసలు చిన్న రియాక్టరు కొత్త సరుకే కాదు. అణువిద్యుత్తు పుట్టినదే చిన్నదిగా. అమెరికాలో 1957లో షిప్పింగ్‌పోర్టులో ప్రారంభమైన కేంద్రం సామర్థ్యం 60 మెగావాట్లు. అదే దేశంలో మిన్నెసోటా రాష్ట్రంలో, గ్రామీణ విద్యుత్ సహకార సంఘం కోసం ఎల్క్ రివర్ అనేచోట 22 మెగావాట్ల రియాక్టరు కట్టారు. 1968 నాటికే అది మూతపడింది. మన దేశంలో రాజస్థాన్ మొదటి రియాక్టరు 100 మెగావాట్లది. ఆ తర్వాత కల్పాక్కం, నరోరా, కాక్రపార్, కైగాలలో 220 మెగావాట్ల తరగతి రియాక్టర్లను మన ప్రభుత్వరంగమే వరుసగా కట్టింది. తర్వాత తారాపూర్‌లో 540 మెగావాట్లకు పోయింది. 2023లో కాక్రపార్ మూడవ రియాక్టరుతో 700 మెగావాట్లకు చేరింది. అంటే చిన్న రియాక్టర్లను అందరికన్నా ఎక్కువ కాలం నడిపి చూసిన దేశాల్లో మనదీ ఒకటి. చూసిన మీదటనే పెద్దవాటి వైపు నడిచింది.

ఎందుకు నడిచింది? బడాయి కోసం మాత్రం కాదు. రియాక్టరు చిన్నదైనా పెద్దదైనా దానికొక నియంత్రణ గది కావాలి, కాపలా కావాలి, భద్రతా తనిఖీ కావాలి, శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. సామర్థ్యం అయిదవ వంతుకు తగ్గించినంత మాత్రాన కాపలావాళ్లు అయిదవ వంతుకు తగ్గరు. రియాక్టరు పాత్రకు, దానిచుట్టూ కట్టే కవచానికి పట్టే వుక్కూ కాంక్రీటూ కూడా ఆ నిష్పత్తిలో తగ్గవు. కర్మాగారాలు కట్టే ఇంజనీర్లు చాలాకాలంగా వాడుతున్న స్థూలమైన సూత్రం ఒకటి వుంది: వ్యయం సామర్థ్యంతో సమంగా పెరగదు, దాని 0.6 ఘాతంతో పెరుగుతుంది. ఈ సూత్రం ప్రకారం 1,100 మెగావాట్ల రియాక్టరుకు వంద రూపాయలు అయితే, దానిలో అయిదవ వంతయిన 220 మెగావాట్లకు ఇరవై రూపాయలు చాలవు. ముప్పై ఎనిమిది కావాలి. అంటే ఒక్కొక్క మెగావాటుకు వ్యయం దాదాపు 1.9 రెట్లు.

“కర్మాగారంలో పుంఖానుపుంఖంగా తయారుచేస్తే ఈ తేడా తీరిపోతుంది గదా” అంటారు మిత్రులు. సరే, అదీ లెక్క కడదాం. తయారైన రియాక్టర్ల సంఖ్య రెట్టింపయినప్పుడల్లా వ్యయం పది శాతం చొప్పున తగ్గుతుందని ఉదారంగా ఒప్పుకుందాం. 1.9 రెట్లున్న వ్యయం పెద్ద రియాక్టరుతో సమానం కావాలంటే, సంఖ్య ఆరుసార్లు రెట్టింపు కావాలి. ఒకటి రెండై, రెండు నాలుగై, అట్లా పోగా అరవై నాలుగవ రియాక్టరు దగ్గర లెక్క సరిపోతుంది. మరి ముందటి అరవై మూడింటి అధికవ్యయం ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు చిన్న రియాక్టర్ల ప్రచార గ్రంథాల్లో జవాబు దొరకదు. పైగా, ఆ అరవై నాలుగూ ఒకే నమూనాలో, ఒకే కర్మాగారం నుంచి రావాలి. ఈనాడు ప్రపంచంలో కంపెనీకొక నమూనా చొప్పున డజన్ల కొద్దీ నమూనాలు పోటీ పడుతున్నాయి. ఒకే అచ్చు అనేది ప్రణాళిక లక్షణం. పోటీ లక్షణం కాదు. పోటీని పూజించేవారు ప్రణాళిక ఫలితాలను వాగ్దానం చేస్తున్నారు.

సిద్ధాంతం చాలదనేవారికి అమెరికాలో జరిగిన కథ చెబుతాను. యూటా రాష్ట్రంలోనూ, చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ వున్న పురపాలక విద్యుత్ సంస్థలు కొన్ని కూటమిగా ఏర్పడి, నుస్కేల్ అనే కంపెనీ చిన్న రియాక్టర్లను ఐడహో జాతీయ ప్రయోగశాల ఆవరణలో కట్టించుకోదలచాయి. పెద్ద షావుకార్లు కారు. చిన్న పట్టణాల వాళ్లు. మన మిత్రులు కలలుగనే ప్రజాస్వామ్య అణుశక్తికి ఇంతకంటే మంచి రంగస్థలం దొరకదు. కేంద్ర ప్రభుత్వం 2020లో 135 కోట్ల డాలర్లకు పైగా సహాయం ప్రకటించింది. అయినా ఏమయింది? ఒక్కొక్క రియాక్టరును మొదట 45 మెగావాట్లని నుస్కేల్ అన్నది, తర్వాత 50 అన్నది, తర్వాత 60, చివరకు 77. చిన్నతనాన్ని అమ్ముకునే కంపెనీయే, ఖర్చు గిట్టుబాటు కావాలంటే పెద్దది కాక తప్పదని తన చేతలతో ఒప్పుకున్నదన్నమాట. 2023 జనవరిలో కొత్త లెక్కలు బయటపడ్డాయి: 462 మెగావాట్ల కేంద్రానికి నిర్మాణ వ్యయం 530 కోట్ల డాలర్ల నుంచి 930 కోట్లకు, యూనిట్టు ధర 5.8 సెంట్ల నుంచి 8.9 సెంట్లకు ఎగబాకాయి. అదైనా యూనిట్టుకు సుమారు మూడు సెంట్ల ప్రభుత్వ రాయితీని కలుపుకున్న మీదట. పట్టణాలు వెనుకాడాయి. కావలసినంత మంది కొనుగోలుదారులు దొరకలేదు. 2023 నవంబరులో పథకం రద్దయింది. ధర దిగాలంటే కొనేవారు కావాలి. కొనేవారు రావాలంటే ధర దిగాలి. ఈ సుడిగుండంలోనే పడవ మునిగింది.

ఇది వినగానే పెద్ద రియాక్టర్ల మిత్రులు చంకలు గుద్దుకోనక్కరలేదు. వారి దేవతను కూడా చూద్దాం. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో వోగ్టిల్ కేంద్రంలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ నమూనాతో రెండు పెద్ద రియాక్టర్లు కట్టారు. మొదటి అంచనా 1,400 కోట్ల డాలర్లు. 2023లో ఒకటి, 2024లో రెండవది పనిలోకి వచ్చేసరికి అయిన ఖర్చు దాదాపు 3,500 కోట్లు. దక్షిణ కరోలినాలో ఇదే నమూనాతో మొదలుపెట్టిన జంట రియాక్టర్లను సుమారు 900 కోట్ల డాలర్లు పోసిన తర్వాత 2017 జులైలో సగంలో వదిలేశారు. అదే సంవత్సరం మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటీషను పెట్టుకున్నది. ఫ్రాన్సులో ఫ్లమాన్‌విల్ రియాక్టరు 2007లో మొదలై 2024 డిసెంబరులో గాని విద్యుత్తు ఇవ్వలేదు. 330 కోట్ల యూరోల అంచనా 1,300 కోట్లు దాటింది.

చూడవలసింది కేవలం ఈ అంకెలను కాదు. ఈ నష్టాలు ఎటు ప్రవహించాయన్నది. జార్జియా శాసనసభ 2009లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం, ఇంకా వెలగని దీపానికి వినియోగదారులు 2011 నుంచే తమ నెలసరి బిల్లుల్లో రుసుము చెల్లిస్తూ వచ్చారు. దక్షిణ కరోలినాలో 2007 నాటి చట్టం అటువంటిదే. అక్కడ కేంద్రమే లేకుండా పోయింది. బిల్లులో భారం మాత్రం మిగిలింది. కంపెనీ వాటాదారుకు నష్టభయం లేకుండా చేయడానికి ప్రతి ఇంటి దీపాన్నీ జామీను పెట్టుకున్నారు. అత్త సొమ్ము అల్లుడి దానమంటే ఇదే.

ఇప్పుడు మూడవ వాదానికి, అంటే వడ్డీ విషయానికి వద్దాం. చర్చ మొత్తానికి కీలకం ఇదే. అణువిద్యుత్ కేంద్రంలో ఇంధనం ఖర్చు స్వల్పం; ఖర్చంతా మొదట్లో పెట్టే మూలధనానిదీ, దాని మీద వడ్డీదీ. అసలు కన్నా వడ్డీ ముద్దు అన్నట్టుగా వుంటుంది. ఒక కేంద్రానికి వంద రూపాయల నిర్మాణ వ్యయం పదేళ్ల పాటు ఏటా పది రూపాయల చొప్పున అవుతుందనుకుందాం. పది శాతం చక్రవడ్డీ కోరే ప్రైవేటు మూలధనంతో కడితే, పని పూర్తయిననాటికి మీద పడే బాకీ సుమారు 159 రూపాయలు. చిన్న రియాక్టరు వాదులు ఇక్కడ ముందుకొచ్చి, “మేము అయిదేళ్లలోనే కడతాం గనుక మీ బాకీ 122 రూపాయలే” అంటారు. లెక్క సరైనదే. కాని, అదే పదేళ్ల పనిని నాలుగు శాతం వడ్డీకి దొరికే ప్రజాధనంతో చేస్తే బాకీ ఎంత? 120 రూపాయలు! కాలాన్ని సగానికి తగ్గించి సాధిస్తామంటున్న లాభం, మూలధనం స్వభావాన్ని మారిస్తే మరో రెండు రూపాయలు కలిసి వస్తుంది. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలే. ఏ దేశంలోనైనా అంకెలు మారవచ్చు, సంబంధం మారదు. కేంద్రం ధరను నిర్ణయించడంలో పరిమాణానిది ఎంత పాత్రో, యాజమాన్యానిది అంత పాత్ర. అయినా పరిమాణం మీద వందల గ్రంథాలు, యాజమాన్యం మీద మౌనం!

ఇది కేవలం లెక్కల ముచ్చట కాదు. ప్రభుత్వరంగాన్ని అమ్మడంలో లోకానికి గురుపీఠమెక్కిన బ్రిటన్ ఏం చేసిందో చూడండి. హింక్లీ పాయింట్ కేంద్రానికి 35 ఏళ్ల పాటు వెయ్యి యూనిట్లకు 92.50 పౌన్ల ధరను, అదీ 2012 నాటి ధరల్లో, పూచీ ఇచ్చింది. ధరలు పెరిగినకొద్దీ ఆ పూచీ కూడా పెరుగుతుంది. ఆ తర్వాతి సైజ్‌వెల్ కేంద్రం దగ్గరకు వచ్చేసరికి, 2025 జులైలో ప్రభుత్వమే 44.9 శాతం వాటా తీసుకుని అతిపెద్ద వాటాదారు కావలసి వచ్చింది. కెనడాలో ఒంటారియో రాష్ట్రం 300 మెగావాట్ల చిన్న రియాక్టర్లు నాలుగింటికి 2025 మేలో 2,090 కోట్ల కెనడా డాలర్ల వ్యయాన్ని ఆమోదించింది. ఆ సాహసం చేస్తున్నది ఏ ప్రైవేటు వీరుడూ కాదు; ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థే. పెద్దదైనా చిన్నదైనా, ప్రజల ఖజానా భుజం పట్టనిదే ఈ పల్లకి లేవడం లేదు. మరి మోసేవారు ప్రజలయినప్పుడు ఎక్కి కూర్చునేవారు ఎవరని అడగడం తప్పా?

అట్లాగయితే పెట్టుబడిదారు చిన్న రియాక్టరును ఎందుకు ప్రేమిస్తున్నాడు? అతనికి కావలసింది చౌకైన యూనిట్టు కాదు; తన సంచికి సరిపడే సరుకు. పెద్ద రియాక్టరు మునిగితే కంపెనీయే మునుగుతుందని వెస్టింగ్‌హౌస్ కథ చెప్పింది. చిన్నది మునిగితే ఒక పథకమే మునుగుతుంది. యూనిట్టు ధర ఎక్కువైనా నష్టభయం ముక్కలై తేలికపడుతుంది. ఇది పెట్టుబడిదారుకు నిజమైన లాభమే. కాని దానిని విద్యుత్తు వాడే ప్రజల లాభంగా చిత్రించడం పచ్చి దగా. మన మిత్రులు ఈ రెండు లాభాలను కలగలిపి చూస్తున్నారు.

ఇక మన దేశం సంగతి. 2025 ఫిబ్రవరి బడ్జెట్టులో చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు ప్రకటించారు. 2033 నాటికి అయిదింటిని నడుపుతామన్నారు. 2025 చివరకు తొమ్మిది వేల మెగావాట్లు కూడా లేని అణువిద్యుత్తును 2047 నాటికి లక్ష మెగావాట్లు చేస్తామన్నారు. ప్రభుత్వరంగం ఎప్పుడో రూపొందించి, నడిపి, అనుభవం గడించిన 220 మెగావాట్ల నమూనాకే “భారత్ చిన్న రియాక్టరు” అని కొత్త పేరుపెట్టి, సొంత అవసరాలకు విద్యుత్తు వాడుకునే ప్రైవేటు పరిశ్రమలను 2024 డిసెంబరులో ఆహ్వానించారు. అప్పటి ఏర్పాటులో కనీసం యాజమాన్యం, నిర్వహణ ప్రభుత్వ సంస్థ చేతిలో వుండేవి. పరిశ్రమ స్థలం, నీరు, డబ్బు సమకూర్చుకుంటుంది. ఏడాది తిరగకముందే ఆ తెర కూడా తొలగింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ చట్టం అణువిద్యుత్ కేంద్రాలను కట్టి, సొంతం చేసుకుని, నడిపే హక్కును ప్రైవేటు కంపెనీలకు ఇచ్చింది.

ఆ చట్టంలో చిన్న రియాక్టరు విలువ ఎక్కడ పెరిగిందో గమనించండి. 2010 నాటి నష్టపరిహార చట్టం ప్రకారం, విద్యుత్ రియాక్టరు చిన్నదైనా పెద్దదైనా ప్రమాదం జరిగితే నడిపేవారి బాధ్యత 1,500 కోట్ల రూపాయల వరకు వుండేది. అదే చాలదని అప్పట్లో మనం వాదించాం. కొత్త చట్టం ఆ బాధ్యతను రియాక్టరు ఉష్ణశక్తిని బట్టి తరగతులు చేసింది. అతిపెద్ద తరగతికి 3,000 కోట్లు. 150 నుంచి 750 మెగావాట్ల ఉష్ణశక్తి గలవాటికి 300 కోట్లు. అంతకు లోపువాటికి 100 కోట్లు. యంత్రం చిన్నదయ్యేకొద్దీ యజమాని బాధ్యత అంతకంటే వేగంగా చిన్నదవుతున్నది! లోపమున్న పరికరం సరఫరా చేసినవారి మీద నష్టాన్ని రాబట్టుకునే హక్కును పాత చట్టం స్పష్టంగా ఇచ్చింది. కొత్త చట్టం దాన్ని తీసివేసి, ఒప్పందంలో రాసుకుంటేనే అన్నది. వాడిన ఇంధనాన్ని శుద్ధిచేసే భారం మాత్రం కేంద్ర ప్రభుత్వానిదే. లాభం కంపెనీకి, బూడిద ప్రజలకు.

ఈ చర్చ మనకు దూరపు చుట్టం కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ తీరాన ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు రియాక్టర్లు పెట్టాలన్నది ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రతిపాదన. నమూనా వెస్టింగ్‌హౌస్‌ది, జార్జియాలో అంచనాలను రెండున్నర రెట్లు చేసినదీ, దక్షిణ కరోలినాలో సగంలో ఆగినదీ ఇదే. ఇంతకాలం ఈ బేరం తెగకపోవడానికి విదేశీ కంపెనీలు చెప్పిన సాకులలో ముఖ్యమైనది 2010 చట్టమే. ఆ అడ్డు ఇప్పుడు తొలగిపోయింది. రేపు కొవ్వాడలో ఆరు పెద్దవి వద్దు, ముప్పై చిన్నవి చాలునని ఎవరైనా వచ్చి చెప్పవచ్చు. అప్పుడు మన మిత్రులు చప్పట్లు కొట్టాలా? సముద్రం మీద బతికే కుటుంబానికి, తన వూరు ఖాళీ చేయించిన యంత్రం చిన్నదని తెలిస్తే ఏం వూరట? దాని విద్యుత్తును దశాబ్దాల ఒప్పందంతో కొనవలసి వచ్చే పంపిణీ సంస్థకు, ఆ సంస్థ బిల్లు కట్టే చేనేత కార్మికునికి, బోరుబావి రైతుకు, యూనిట్టు ధర ఒక్కటే లెక్క.

“ప్రభుత్వరంగాన్ని అంత పొగుడుతున్నారు, అక్కడ ఆలస్యాలు లేవా, గోప్యత లేదా?” అని అడగవచ్చు. వున్నాయి. రక్షణ రహస్యం పేరుతో ఖర్చుల లెక్కలను కూడా చీకట్లో వుంచిన చరిత్ర మన అణుశక్తి శాఖది. ప్రభుత్వరంగమైనంత మాత్రాన ప్రజల రంగం కాదు. కాని ఒకే నమూనాను మళ్లీ మళ్లీ కట్టి నేర్చుకోవడమనే ఏకైక మార్గాన్ని ఈ దేశంలో పాటించినది ఆ రంగమే. 2017లో పది 700 మెగావాట్ల రియాక్టర్లను ఒక వరుసగా కట్టడానికి 1,05,000 కోట్ల రూపాయల పథకం ఆమోదం పొందింది; మెగావాటుకు 15 కోట్లు. వోగ్టిల్‌లో మెగావాటుకు అయిన ఖర్చు ఒక కోటీ యాభై లక్షల డాలర్లకు పైమాటే. అంచనాకూ, తుది ఖర్చుకూ తేడా వుంటుందని మరచిపోకుండా చూసినా, ఈ అంతరాన్ని తోసిపుచ్చలేం. లోపమున్న ప్రభుత్వరంగాన్ని ప్రజల ముందు జవాబు చెప్పేలా సంస్కరించాలి. దాని అనుభవాన్ని ఉచితంగా కంపెనీలకు ధారపోయడం సంస్కరణ కాదు.

కనుక విద్యార్థి మిత్రులకూ, ఉపాధ్యాయ మిత్రులకూ నా మనవి ఇది. మీ సభలో ఎవరైనా లేచి “చిన్నదా, పెద్దదా?” అని అడిగితే, జవాబు చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు తిరిగి అడగండి. యూనిట్టు ధర ఎంత, దానిలో వడ్డీ ఎంత? అంచనా మించితే అదనపు భారం వాటాదారుదా, వినియోగదారుదా? ప్రమాదం జరిగితే యజమాని ఎంతవరకు చెల్లిస్తాడు, మిగిలింది ఎవరు చెల్లిస్తారు? ఇదే డబ్బును, ఇదే కాలంలో, సౌరవిద్యుత్తుకో, దాని నిలవకో, పంపిణీ తీగెల మరమ్మతుకో పెడితే ఎన్ని యూనిట్లు వస్తాయి? ఈ నాలుగు లెక్కలూ బహిరంగంగా ముద్రించనంతవరకు, ఏ పరిమాణపు రియాక్టరుకైనా మన సమ్మతి ఇవ్వనక్కరలేదు.

లెక్కలు ముద్రించిన తర్వాత ప్రజలు పెద్దదే కావాలంటారో, చిన్నదే కావాలంటారో, అసలు రెండూ వద్దంటారో అది వారి నిర్ణయం. ఆ నిర్ణయం కొవ్వాడ పంచాయతీ రచ్చబండ దగ్గర జరగాలి. కంపెనీ డైరెక్టర్ల సమావేశంలో కాదు. ఆ లెక్కలను బయటపెట్టించే పని మాత్రం మనది. చట్టం కింద రాయవలసిన నిబంధనలు, కుదరవలసిన కొనుగోలు ఒప్పందాలు ముందున్నాయి. అవి మూసిన తలుపుల వెనుక ముగిసిపోకముందే ఆ పని మొదలుపెడదాం.